టోఫు, కూరగాయల స్టిర్ ఫ్రై: ఇంటి పొయ్యి మీద నీటి లెక్క

సంక్షిప్తంగా: టోఫు, కూరగాయలతో చేసే స్టిర్ ఫ్రై ఇంట్లో కుదరనప్పుడు చాలామంది సాస్‌నో, టోఫు రకాన్నో తప్పుపడతారు. ఎక్కువసార్లు అసలు కారణం నీరు. ముక్కల్లోంచి నీరు ఊరే వేగం, దాన్ని ఆవిరి చేయగల పొయ్యి శక్తిని మించిపోతే వేపుడు కాస్తా ఉడుకుకూర అవుతుంది. టోఫులో నీటిని ముందే తగ్గించుకోవడం, ఒక్కో వాయికి కొద్దిగానే వేయడం, ఉప్పునూ సాస్‌నూ చివరికి ఉంచుకోవడం అనే మూడు పనులూ ఈ ఒక్క లెక్క నుంచే పుడతాయి. బెండకాయ వేపుడు చేసే చేతికి ఈ లెక్క సగం తెలిసినదే.

బెంగళూరులో మారతహళ్ళి, బెళ్లందూరు, వైట్‌ఫీల్డ్, బీటీఎం లేఅవుట్ వంటి చోట్ల స్థిరపడిన తెలుగు కుటుంబాల ఫ్రిజ్‌లో పెరుగు ప్యాకెట్టు, ఆవకాయ సీసా పక్కన టోఫు పొట్లం కనిపించడం ఇప్పుడు వింతేమీ కాదు. మాంసకృత్తులు పెంచుకోవాలన్న ఆలోచన ఒకరిది, పాలు అరగకపోవడం మరొకరిది, ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చాక అరగంటలో ముగిసే వంట కావాలన్నది ఇంకొకరిది. బండి మీది చైనీస్ వంటకాల్లో ఏం కలుపుతున్నారన్న ప్రశ్న కూడా 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలో, పీచు మిఠాయిలో కృత్రిమ రంగులను నిషేధించినప్పుడు వార్తలకెక్కింది. అలాంటి రుచినే ఇంట్లో, రంగులు లేకుండా, తక్కువ నూనెతో చేసుకోవాలనుకునేవారు చివరికి ఈ వంటకం దగ్గరికే వస్తారు. చూడటానికి ఇంత తేలికైన పని మరొకటి లేదు: ముక్కలు తరగాలి, పెద్ద మంట మీద కలియబెట్టాలి, సాస్ పోయాలి. తీరా చేశాక మూకుడు అడుగున గోధుమరంగు నీళ్లు, వాటిలో తేలే క్యాప్సికం, గరిటె తగిలినచోటల్లా చిదిమిపోయిన టోఫు మిగులుతాయి.

పేరుకు పనీర్, తీరుకు కాదు

టోఫును సోయా పనీర్ అనడం వాడుకలో బాగా స్థిరపడింది, తికమక కూడా అక్కడే మొదలవుతుంది. మొక్కల నుంచి తీసిన పదార్థాలకు పాలపదార్థాల పేర్లు పెట్టి అమ్మరాదని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2021లో ఆదేశించింది. కొబ్బరిపాలు, పీనట్ బటర్ వంటి పాతుకుపోయిన పేర్లకు మాత్రం మినహాయింపు ఉంది. వార్తల్లో తరచూ వినిపించే అనలాగ్ పనీర్ మళ్లీ వేరు. పాలకొవ్వు బదులు వంటనూనెలు చేర్చి పనీర్‌ను పోలేలా తయారుచేసే సరుకు అది. దానికీ టోఫుకూ సంబంధం లేదు.

పనీర్‌కు పాలను నిమ్మరసంతోనో మరో పులుపుతోనో విరగ్గొడతారు. టోఫుకు సోయా గింజలను నానబెట్టి, రుబ్బి, కాచి, వడగట్టిన పాలలో జిప్సం అనే కాల్షియం సల్ఫేటునో, జపానులో నిగరి అని పిలిచే మెగ్నీషియం క్లోరైడు ప్రధానమైన లవణాన్నో కలుపుతారు. కాచినప్పుడు విప్పుకున్న సోయా మాంసకృత్తులను ఈ లవణాలు ఒకదానితో ఒకటి ముడివేసి వలలా మారుస్తాయి. ఆ వల కన్నుల్లో నీరు చిక్కుకుపోతుంది. పెట్టెలోనే కదపకుండా గడ్డకట్టించిన సిల్కెన్ టోఫు మన జున్నుకు దగ్గరి పోలిక. విరిగిన పాలను గుడ్డలో కట్టి బరువుపెట్టి పిండితే వచ్చేది గట్టి టోఫు. స్టిర్ ఫ్రైకి గట్టిదే కావాలి. సిల్కెన్ రకం సూపులకు, తీపి వంటకాలకు బాగుంటుందే కానీ మూకుట్లో గరిటె దెబ్బకు నిలవదు.

తేడా అంకెల్లో చూస్తే ఇంకా తేటగా ఉంటుంది. మన దేశ ప్రమాణాల ప్రకారం పనీర్‌లో తేమ 60 శాతానికి మించరాదు, తేమ తీసేస్తే మిగిలే పదార్థంలో కనీసం సగం పాలకొవ్వు ఉండాలి. టోఫులో రకాన్ని బట్టి 70 నుంచి 90 శాతం దాకా నీరే ఉంటుంది, కొవ్వు పనీర్‌లో ఉన్నదానికి సగం కూడా ఉండదు. అందుకే పనీర్ ముక్క పెనం మీద పడగానే తన కొవ్వులో తానే వేగుతుంది, దానిలోని పాలచక్కెర రంగు తేలడానికి తోడ్పడుతుంది. టోఫుకు ఈ రెండు వసతులూ లేవు. పనీర్‌కు అలవాటుపడిన చేయి టోఫునూ అలాగే పొట్లం విప్పి నూనెలో వేస్తే మొదటి ఐదు నిమిషాలు అది వేగదు, తన నీటిలో తాను కాగుతుంది.

సోయా మాత్రం తెలుగు నేలకు కొత్త కాదు. ఆదిలాబాదు, నిర్మల్, నిజామాబాదు ప్రాంతాల రైతులు ఏళ్లుగా పండిస్తున్నదే. కాకపోతే ఆ గింజలు చాలావరకు నూనె మిల్లులకు పోతాయి, పిండి కోళ్ల దాణాకు పోతుంది. తెలుగు వంటింట్లోకి సోయా ముందుగా వచ్చింది మీల్ మేకర్ రూపంలో. వేడినీళ్లలో నానబెట్టిన మీల్ మేకర్‌ను రెండు అరచేతుల మధ్య గట్టిగా పిండకుండా కూరలో వేస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు. టోఫు విషయంలో ఆ పిండే పని ఎందుకో మరిచిపోతుంటారు.

ఇంటి పొయ్యి ఎంత నీటిని తరమగలదు?

వేగిన వాసన, అంచుల్లో గోధుమరంగు, ఆ రుచి అంతా మాంసకృత్తులకూ చక్కెరలకూ మధ్య జరిగే చర్య ఫలితం. 1912లో దీన్ని వివరించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ కమీల్ మయ్యార్ పేరుతోనే దాన్ని వ్యవహరిస్తారు. ఈ చర్య చురుగ్గా సాగాలంటే ముక్క ఉపరితలం సుమారు 140 డిగ్రీల సెల్సియస్ దాటాలి. తడి ఉన్నంతసేపు ఉపరితలం నీరు మరిగే వేడిని దాటి పైకి పోదు. చెన్నైలో సముద్రమట్టం దగ్గర అది 100 డిగ్రీలు. సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న బెంగళూరులో 97 డిగ్రీల దరిదాపు. మంట ఎంత పెంచినా ముక్క చుట్టూ నీరు నిలిచి ఉంటే ఆ ముక్క ఉడుకుతుందే తప్ప వేగదు.

ఒక గ్రాము నీరు మరిగే స్థితి నుంచి ఆవిరిగా మారడానికి సుమారు 2.26 కిలోజౌళ్ల శక్తి కావాలి. ఇంటి గ్యాసు పొయ్యిలో పెద్ద బర్నరు శక్తి 2 కిలోవాట్ల చుట్టుపక్కల ఉంటుందనుకుని, అందులో మూడింట రెండు వంతులు గిన్నెలోకి ఎక్కుతుందనుకుందాం. 500 గ్రాముల కూరగాయలు ఒకేసారి వేస్తే వాటిలో నీరు సుమారు 450 గ్రాములు. అంతా బయటికి రాకపోయినా 100 గ్రాములు ఊరిందంటే, దాన్ని ఆవిరి చేయడానికే పొయ్యి దాదాపు మూడు నిమిషాలు పూర్తిగా పనిచేయాలి. ముక్కలను ఇంటి వేడి నుంచి మరిగే వేడికి తేవడానికి మరో నిమిషమున్నర పైనే పడుతుంది. ఈ నాలుగున్నర నిమిషాల్లో కూరగాయలు తమ నీటిలో తాము ఉడికి, కణాల గోడలు మెత్తబడి, ఇంకాస్త నీరు వదులుతాయి. ఒకసారి ఈ చక్రం మొదలైతే మంట పెంచడానికి పొయ్యిలో మిగిలిందేమీ ఉండదు.

హోటళ్లలో చైనీస్ వంటకు వాడే పెద్ద బర్నర్లు 20, 30 కిలోవాట్ల శక్తినీ ఇవ్వగలవు. ఊరిన నీరు ఊరినట్టే ఆవిరైపోతుంది కాబట్టి అక్కడ వంటవాడు గంపెడు ముక్కలు ఒకేసారి వేసినా చెల్లుతుంది. వీడియోలో అతని చేతి వేగం చూసి ఇంట్లో అదే పద్ధతిని అనుకరించేవారికి అతని పొయ్యి శక్తి పది రెట్లని తెలియదు. పెనాన్ని పైకి ఎగరవేయడం కూడా ఇంటి మంట మీద లాభం కన్నా నష్టమే. ఎగరేసిన ప్రతిసారీ పెనం మంటకు దూరమవుతుంది, ఉన్న కాస్త వేడీ పోతుంది. ఇంటి పొయ్యికి తగినది ముక్కలను పరిచి, కొంచెంసేపు కదపకుండా ఉంచి, తరువాత తిరగేయడం.

పొయ్యి బలహీనతను పాత్ర కొంత పూడుస్తుంది. 2 కిలోల ఇనుప మూకుడును పొగలు వచ్చే దాకా, అంటే 230 డిగ్రీల దాకా కాగనిస్తే, అది 100 డిగ్రీలకు దిగేలోగా విడిచే వేడి సుమారు 50 గ్రాముల నీటిని ఆవిరి చేయడానికి సరిపోతుంది. మంట మీద అదనంగా దొరికే మూలధనం ఇది. మూకుడు కాగకముందే నూనె, ముక్కలు వేసేస్తే ఈ మూలధనం లేకుండానే వ్యాపారం మొదలుపెట్టినట్టు. పలుచని అల్యూమినియం కడాయి త్వరగా కాగుతుంది, ముక్కలు పడగానే అంతే త్వరగా చల్లారుతుంది. నాన్‌స్టిక్ పెనాన్ని ఖాళీగా పెద్ద మంట మీద కాల్చడం వద్దు. దాని పూత సుమారు 260 డిగ్రీలు దాటితే దెబ్బతిని హానికర వాయువులు వదులుతుంది. పీజీ గదుల్లో ఇండక్షన్ పొయ్యి మీద ఆధారపడే యువతకు ఒక అనుకూలత ఉంది: 1,800, 2,000 వాట్ల పొయ్యి అంకెకు చిన్నదిగా కనిపించినా వేడిలో ఎక్కువ భాగం పాత్రలోకే ఎక్కుతుంది కనుక గ్యాసుకు తీసిపోదు. అయితే దానికి అడుగు చదునుగా ఉన్న ఇనుప పెనం కావాలి. గుండ్రటి మూకుడుకు ఇండక్షన్ మీద అడుగున నాణెమంత చోటే వేడెక్కుతుంది.

బెండకాయ చెప్పే పాఠం

తెలుగు వంటలో కూరకూ వేపుడుకూ మధ్య గీత నీటి దగ్గరే ఉంది. బీరకాయనో, వంకాయనో తాలింపులో వేసి ఉప్పు చల్లి మూత పెట్టి మగ్గిస్తారు. ఉప్పు నీటిని లాగుతుంది, మూత ఆవిరిని ఆపుతుంది, ముక్క తన నీటిలోనే మెత్తబడుతుంది. బెండకాయ వేపుడులో ప్రతి అడుగూ దీనికి తలకిందులు. కాయలను తరగక ముందే కడిగి గుడ్డతో తుడుస్తారు, వెడల్పాటి బాణలి తీసుకుంటారు, మూత పెట్టరు, ఉప్పు చివరికి వేస్తారు. జిగురు సాగకుండా ఉండటానికి పెద్దవాళ్లు నేర్పిన ఈ పద్ధతినే ఒక్క మాట మార్చకుండా స్టిర్ ఫ్రైకి వర్తింపజేయవచ్చు.

తేడా ఉన్నది సమయంలో. బెండకాయ వేపుడు సన్నని సెగ మీద పావుగంట, ఇరవై నిమిషాలు సాగుతుంది, నీరు మెల్లగా తప్పుకుంటుంది, ముక్క కుంచించుకుపోతుంది. స్టిర్ ఫ్రైలో ముక్క లోపలి నీరు లోపలే ఉండాలి, కొరికినప్పుడు కరకరలాడాలి. పైతడి మాత్రమే పోవాలి. అందుకే మంట పెద్దది, సమయం తక్కువ. ఇంట్లో చాలామంది ఈ రెంటినీ కలగలిపి, ముక్కలు ఉడకలేదేమోనన్న అనుమానంతో మధ్యలో రెండు నిమిషాలు మూత పెడతారు. ఆ రెండు నిమిషాలతో వంటకం జాతి మారిపోతుంది.

టోఫును ఆరబెట్టే మూడు దారులు

పొట్లంలోని నీరు వంపేసి, టోఫు దిమ్మను పొడి గుడ్డలో చుట్టి, పైన నీళ్లు నింపిన గిన్నెనో, మరేదైనా రెండు కిలోల బరువునో పెట్టి ఇరవై నిమిషాలు వదిలేయడం మొదటి దారి. బరువు మరీ ఎక్కువైతే దిమ్మ బీటలువారుతుంది.

రెండవది విచిత్రంగా అనిపించే దారి. ముక్కలుగా కోసిన టోఫును బాగా ఉప్పు వేసిన మరిగే నీటిలో పదిహేను నిమిషాలు ఉంచి తీసి గుడ్డ మీద పరచడం. నీరు తీయడానికి నీళ్లలోనే వేయడమేమిటన్న సందేహం సహజం. వేడికీ ఉప్పుకూ మాంసకృత్తుల వల బిగుసుకుని లోపలి నీటిని కొంత బయటికి నెడుతుంది, ముక్క గట్టిపడుతుంది, పైపొరకు ఉప్పు పడుతుంది. బయటికి తీసినప్పుడు వేడిగా ఉంటుంది కాబట్టి పైతడి దానంతటదే ఆరుతుంది. పనిదినాల్లో ఇంటివంటకు ఈ దారే మేలు. బరువు పెట్టి కాచుకోవాల్సిన పని లేదు, ఆ పదిహేను నిమిషాల్లో కూరగాయల తరుగుడు పూర్తవుతుంది.

మూడవది గడ్డకట్టించడం. ఫ్రీజర్‌లో ఒక రాత్రి ఉంచితే లోపలి నీరు మంచు స్ఫటికాలుగా మారి వలను చీల్చుకుంటూ పెద్ద రంధ్రాలు చేస్తుంది. కరిగించి పిండితే ముక్క స్పాంజిలా, సరిగ్గా మీల్ మేకర్‌లా, నమిలే గుణంతో తయారవుతుంది. జపానులో గడ్డకట్టించి ఆరబెట్టిన టోఫు ఒక పాత సంప్రదాయమే. ఫ్రీజర్‌లో దిమ్మ పసుపుపచ్చగా మారితే పాడైందని పారేయనక్కర్లేదు, కరిగాక తెల్లబడుతుంది. మెత్తదనం ఇష్టపడేవారికి ఈ రకం నచ్చదు.

ఏ దారిన ఆరబెట్టినా ముక్కలకు ఒక చెంచా కార్న్‌ఫ్లోర్ పట్టిస్తే పైతడిని పిండి పీల్చుకుని వేడికి పలుచని పొరగా గట్టిపడుతుంది. మన దుకాణాల్లో కార్న్‌ఫ్లోర్ అంటే తెల్లని గంజిపొడి. రొట్టెలకు వాడే పచ్చని మొక్కజొన్న పిండి వేరు, అది ఇక్కడ పనికిరాదు. కార్న్‌ఫ్లోర్ లేనిచోట బియ్యప్పిండి చాలు. పొర కాస్త గరుకుగా, కరకరలాడుతూ వస్తుంది. టోఫును సోయా సాస్‌లో గంటలకొద్దీ నానబెట్టాలన్న సలహా మాత్రం అంతగా నిలవదు. వల నిండా నీరున్న ముక్కలోకి సాస్ చొరబడటం చాలా నెమ్మది. రుచిని పైపొర మీద నిలిపే పని చివరలో చిక్కని సాస్ చేస్తుంది.

తరుగుడులోనే సగం వంట

బెంగళూరుకు కూరగాయల విషయంలో లోటు లేదు. కోలారు, చిక్కబళ్ళాపుర, హొసకోటె, మాలూరు చుట్టుపక్కల తోటలు నగరానికి కూతవేటు దూరంలోనే ఉన్నాయి. బీన్సు, క్యారెట్, క్యాబేజీ, క్యాప్సికం, నూల్‌కోల్, బేబీ కార్న్ హాప్‌కామ్స్ అనే ఉద్యాన రైతుల సహకార సంఘం దుకాణాల్లోనూ వీధి బండ్ల మీదా దొరుకుతాయి. బ్రకోలీ, జుకీని లేకపోతే స్టిర్ ఫ్రై కాదన్న భావన వంటకాల బొమ్మల నుంచి వచ్చిందే. క్యాబేజీ, బీన్సు, క్యారెట్ చాలు. బీరకాయ, సొరకాయ వంటివి నూటికి 95 వంతులు నీరే కనుక వాటిని పప్పుకు వదిలేయడం అందరికీ మంచిది. టమాటాకు కూడా ఇక్కడ చోటు లేదు.

ముక్క మందానికి ఒక లెక్క ఉంది. వేడి పైనుంచి నడిమధ్యకు చేరే సమయం మందం వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. మందం రెట్టింపైతే సమయం దాదాపు నాలుగు రెట్లు. 3 మిల్లీమీటర్ల క్యారెట్ పలక ఒకటిన్నర నిమిషంలో కాగితే, 6 మిల్లీమీటర్లది ఆరు నిమిషాలు అడుగుతుంది, ఆలోపు పక్కనున్న క్యాప్సికం పచ్చడవుతుంది. అందుకే గట్టి కూరలు పలుచగా, మెత్తనివి పెద్దగా తరుగుతారు. బీన్సును ఏటవాలుగా కోస్తే పెనాన్ని తాకే ముఖం పెరుగుతుంది. బ్రకోలీ, బేబీ కార్న్ వంటివాటిని మరిగే నీటిలో ఒక నిమిషం ముంచి తీసి పూర్తిగా ఆరబెట్టుకోవచ్చు; బెంగళూరులో నీరు మూడు డిగ్రీలు తక్కువ వేడిలో మరుగుతుంది కనుక మరో పది, పదిహేను క్షణాలు అదనంగా ఉంచినా నష్టం లేదు.

కడగడం ఎప్పుడన్నది చిన్న విషయంలా కనిపించి పెద్ద తేడా తెస్తుంది. తరిగాక కడిగిన క్యాబేజీ తన మడతల్లో బోలెడు నీరు దాచుకుంటుంది. కాయలుగా ఉన్నప్పుడే కడిగి, ఆరాక తరగాలి. పుట్టగొడుగులు వాడితే వాటిని విడిగా, ముందుగా, నీరు ఊరి ఇంకిపోయేదాకా వేపి పక్కన పెట్టుకోవాలి.

వేపే క్రమం

ఇద్దరికి 200 గ్రాముల టోఫు, తరిగిన కూరగాయలు 300 గ్రాముల దాకా, ఒక ఉల్లిపాయ, ఐదారు వెల్లుల్లి రెబ్బలు, అంగుళం అల్లం, రెండు పచ్చిమిరపకాయలు, రెండు పెద్ద చెంచాల వేరుశనగ నూనె సరిపోతాయి. శుద్ధిచేసిన వేరుశనగ, పొద్దుతిరుగుడు నూనెలు పెద్ద సెగను తట్టుకుంటాయి. గానుగ నువ్వుల నూనె అంత వేడికి ముందే పొగలు కక్కుతుంది. ఇంకొక తికమక కూడా ఇక్కడే తీర్చుకోవాలి. తూర్పు ఆసియా వంటల్లో చెప్పే నువ్వుల నూనె వేయించిన నువ్వుల నుంచి తీసిన ముదురు రంగు పరిమళద్రవ్యం, దాన్ని దించాక నాలుగు చుక్కలు వేస్తారు. మన పచ్చళ్లలో పోసే నూనె పచ్చి నువ్వులది, దానికి ఆ వాసన రాదు.

మూకుడు బాగా కాగాక సగం నూనె వేసి టోఫు ముక్కలను ఒకదానికొకటి తగలకుండా పరచాలి. తొలి రెండు నిమిషాలు కదపకూడదు. ముక్క మొదట పెనాన్ని కరుచుకుంటుంది, అడుగున పొర కట్టాక తానే వదులుతుంది. అట్లకాడతో ముందే గీకేవారికి పొర పెనం మీద, ముక్క చేతిలో మిగులుతాయి. రెండుమూడు ముఖాలు రంగు తేలాక తీసి పక్కన పెట్టేయాలి; చివరిదాకా అది మళ్లీ మూకుట్లోకి రాదు.

మూకుడును మళ్లీ కాగనిచ్చి మిగిలిన నూనెలో ముందు క్యారెట్, బీన్సు వేయాలి, రెండు నిమిషాల తరువాత ఉల్లి, ఆపైన క్యాబేజీ, క్యాప్సికం. మూడు వందల గ్రాములను రెండు వాయిలుగా వేపితే ఇంకా మంచిది. పని రెట్టింపైనట్టు అనిపిస్తుంది కానీ నీరు ఊరి ఇంకేదాకా నిలబడే సమయం కన్నా తక్కువే పడుతుంది. మూకుడు నుంచి వచ్చే చప్పుడే ఇక్కడ కొలత. చిటచిటమనే శబ్దం ఉన్నంతసేపు నీరు పుట్టినచోటే ఆవిరవుతోందని అర్థం, అది తగ్గి గుడగుడమంటే నీరు నిలుస్తోందని అర్థం. గుడగుడ వినిపించిన వెంటనే సగం ముక్కలు పక్కకు తీయడం ఒక్కటే మందు.

వెల్లుల్లి, అల్లం ఎప్పుడు వేయాలన్నదానిపై రెండు పద్ధతులున్నాయి. చైనా వంటవారు నూనె కాగగానే వేసి క్షణాల్లో కూరగాయలు కుమ్మరిస్తారు. ఇంటి పొయ్యి మీద కూరగాయలు మూడు నాలుగు నిమిషాలు తీసుకుంటాయి కాబట్టి సన్నగా తరిగిన వెల్లుల్లి అప్పటికి మాడి చేదెక్కుతుంది. ముక్కలను పక్కకు జరిపి, మధ్యలో చెంచా నూనె వేసి, అందులో వెల్లుల్లి, అల్లం, పచ్చిమిర్చి అర నిమిషం వేపి కలిపేయడం ఇంటికి అనువైన మార్పు.

సాస్ ఒక పూత

మంచూరియా గ్రేవీకి అలవాటుపడిన నాలుకకు స్టిర్ ఫ్రై సాస్ తక్కువగా అనిపించవచ్చు. ఇక్కడ సాస్ పని ముక్కలకు పూతగా అంటుకోవడమే, అడుగున నిలవడం కాదు. ఒక పెద్ద చెంచా సోయా సాస్, మూడు పెద్ద చెంచాల నీరు, అర చెంచా బెల్లం తురుము, ఒక చిన్న చెంచా కార్న్‌ఫ్లోర్, కాస్త మిరియాలపొడి ముందే గిన్నెలో కలిపి ఉంచుకోవాలి. గంజిపొడి అడుగున పేరుకుంటుంది కాబట్టి పోసే ముందు మళ్లీ కలపాలి. కార్న్‌ఫ్లోర్ రేణువులు సుమారు 62 నుంచి 72 డిగ్రీల మధ్య ఉబ్బి చిక్కబడతాయి. అంటే పోసిన అర నిమిషంలోనే సాస్ మెరుస్తూ ముక్కలను పట్టుకుంటుంది. అప్పుడే టోఫును తిరిగి వేసి రెండుసార్లు తిప్పి మంట ఆపాలి. ముందే వేస్తే కష్టపడి తెచ్చిన పొర సాస్‌లో నానిపోతుంది. వెనిగరో నిమ్మరసమో వాడదలిస్తే దించాకే, ఎందుకంటే వేడికి వెనిగర్ ఘాటు ఎగిరిపోతుంది, నిమ్మ వాసన చస్తుంది.

ఉప్పు విడిగా వేయాల్సిన అవసరం చాలాసార్లు ఉండదు. ఒక పెద్ద చెంచా సోయా సాస్‌లో సుమారు 2 గ్రాములకు పైగా ఉప్పు ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు రోజంతటికీ సూచించే పరిమితి 5 గ్రాముల లోపు. రక్తపోటు ఉన్నవారి ఇంట్లో సాస్ సగానికి తగ్గించి, మిరియాలు, అల్లం, నిమ్మ పెంచడం తేలిక. డార్క్ సోయా ఎక్కువగా రంగు కోసం, లైట్ సోయా ఉప్పదనం, రుచి కోసం. నల్లగా ఉన్నది ఘాటైనదన్న అపోహతో డార్క్ సాస్‌ను గుమ్మరించడం వల్లనే ఇంటి స్టిర్ ఫ్రై తారులా తయారవుతుంది. సీసా మీది పదార్థాల వరుసలో సోయా కన్నా ముందు నీరు, ఉప్పు, కారమెల్ రంగు ఉన్నాయా అన్నది చూసి కొనడం మంచిది. సంప్రదాయ సోయా సాస్‌లో గోధుమలు ఉంటాయి కనుక గోధుమ పడనివారు దాన్ని వాడరాదు.

పళ్లెంలో దాని చోటు

పప్పు, కూర, పులుసు, పెరుగు అనే వరుసలో ఈ వంటకం ఎక్కడ కూర్చుంటుందన్నది తెలుగు ఇళ్లలో తరచూ వచ్చే ఇబ్బంది. వేపుడులా పప్పన్నానికి నంజుకుందామంటే సోయా సాస్ రుచి పప్పుతో పొత్తు కుదరదు. కూరలా కలుపుకుందామంటే తడి లేదు. ఇంటింటి అనుభవం ఎక్కువగా చపాతీ వైపో, వేడి సోనా మసూరి అన్నంలో పెద్ద గరిటెడు వేసి అదొక్కటే ఒక పూట భోజనంగా చేసుకోవడం వైపో మొగ్గుతుంది.

అలా ఒక్కటే తిన్నా పోషకాల లెక్క ఫరవాలేదు. గట్టి టోఫు 100 గ్రాముల్లో రకాన్ని బట్టి 10 నుంచి 17 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. భారత వైద్య పరిశోధన మండలి 2020 సిఫారసుల ప్రకారం కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు, అంటే 65 కిలోల మనిషికి 54 గ్రాములు కావాలి. ఒక పూట టోఫుతోనే అందులో అయిదో వంతు నుంచి మూడో వంతు దాకా సమకూరుతుంది. కాల్షియం సల్ఫేటుతో గడ్డకట్టించిన టోఫులో కాల్షియం కూడా గణనీయంగా ఉంటుంది, పొట్లం మీద ఏ లవణం వాడారో రాసి ఉంటుంది. బీ12 విటమిన్ మాత్రం టోఫులో సహజంగా ఉండదు, పాలు పూర్తిగా మానేసినవారు దాన్ని వేరేచోట చూసుకోవాలి. థైరాయిడ్‌కు లెవోథైరాక్సిన్ మాత్ర వేసుకునేవారిలో సోయా ఆ మందు ఒంటికి పట్టడాన్ని తగ్గించగలదు కనుక మాత్రకూ సోయా భోజనానికీ మధ్య ఎంత ఎడం ఉండాలో వైద్యుణ్ని అడగడం మంచిది.

మిగిలినదాన్ని మరునాడు ఆఫీసు డబ్బాలో పెట్టేవారికి మళ్లీ నీరే అడ్డు. వేడివేడిగా మూతపెట్టిన డబ్బాలో ఆవిరి చల్లబడి నీటిచుక్కలై టోఫు మీద పడుతుంది, మధ్యాహ్నానికి పొర మెత్తబడుతుంది. పళ్లెంలో పరిచి పదిహేను నిమిషాలు చల్లారాక మూతపెట్టాలి. సగం వాడిన టోఫు దిమ్మను నీళ్లలో ముంచి ఫ్రిజ్‌లో ఉంచి, రోజూ నీరు మారుస్తూ మూడు నాలుగు రోజుల్లో వాడేయాలి. ముట్టుకుంటే జారుతున్నా, పులిసిన వాసన వస్తున్నా పారేయాలి. రాత్రి మిగిలిన అన్నం ఉంటే పని ఇంకా తేలిక. ఫ్రిజ్‌లో ఆరి పలుకుపలుకుగా విడిపోయే ఆ అన్నాన్ని కాగిన ఇనుప మూకుట్లో వేపి, మిగిలిన స్టిర్ ఫ్రైను చివర కలిపితే పొద్దుటి డబ్బా సిద్ధం.